అఖిల నోరు తెరిచిన పూట

కిషన్‌బాగ్‌లో పెంటయ్య తబేలాకు దారి అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. మసీదు పక్క గల్లీలోకి తిరిగి, నాలుగడుగులు వేసి, చెవులు రిక్కించమంటారు. ఒక ఆడమనిషి గొంతు ఎక్కడ ఆపకుండా తిడుతూ వినిపిస్తుందో అదే తబేలా. ఆ గొంతు పెంటయ్య కోడలు అఖిలది. తిట్లు తినేది చాందిని. చాందిని అంటే మనిషి కాదు, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న బర్రె.

"నవాబు బిడ్డవా నువ్వు? పొద్దుగాల పల్లిచెక్క మెక్కితివి, పగటీలి పచ్చగడ్డి మెక్కితివి, నేనొచ్చి కూసుంటే నా మొకం మీద తోక ఇసురుతవా? నీ అసొంటి దానికి పాలడుగుడు నాదే తప్పు."

ఇలా ఓ నాలుగు పడేసరికి చాందిని చెవులు వేలాడేసి, కళ్లు సగం మూసి, నెమరువేయడం మొదలుపెట్టేది. మరో నిమిషానికి చేపేది. బర్రె తనంతట తాను పొదుగులోకి పాలు దించడాన్నే చేపడం అంటారు. అది చేపకపోతే ఎంతటి మొనగాడు పిండినా గిన్నె అడుగు తడవదు. తబేలాలో ఏడు బర్రెలున్నాయి. మిగతా ఆరూ తాము కన్న దుడ్డెను చూసి చేపుతాయి. చాందిని మాత్రం అఖిల తిట్లకు చేపుతుంది. సాయంత్రం నాలుగింటికి స్టీలు క్యాన్లు పట్టుకుని వరుసలో నిలబడే వాళ్లలో సగం మంది పాల కోసం వస్తే, సగం మంది ఆ తిట్ల కోసం ఓ పది నిమిషాలు ముందే వచ్చేవారు. వాళ్లలో రజియా ఖాలా అయితే ఇంటికి పోయి కోడళ్లకు ఆ తిట్లు అప్పజెప్పేదట.

అఖిల పుట్టిల్లు బహదూర్‌పురా. వాళ్ల నాన్నది ఇస్త్రీ బండి. బర్రెను జూలో కూడా దూరం నుంచే చూసిన పిల్ల. పెళ్లై వచ్చిన కొత్తలో చాందిని పక్కన కూర్చోబెడితే కాళ్లూ చేతులూ వణికాయి. వణుకు బయటపడకూడదని తిట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు చాందిని గిన్నె నిండా పాలిచ్చింది. అప్పటి నుంచి ఇద్దరికీ అదే అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే అఖిలకు భయమేసినా తిట్లే, ముద్దొచ్చినా తిట్లే. మొగుడు వేణుగోపాల్ జ్వరంతో పడుకుంటే రెండు రోజులు మంచం పక్క నుంచి కదలకుండా సేవ చేసింది, ఆ రెండు రోజులూ తిడుతూనే ఉంది. అతనికి ఆ సంగతి అర్థం కావడానికి ఏడాది పట్టింది. చాందినికి మొదటిరోజే అర్థమైంది.

పెళ్లైన నాలుగేళ్లకు అఖిల నెల తప్పింది. ఇంట్లో పండుగే పండుగ. పెంటయ్య ఏడు బర్రెల కొమ్ములకూ నూనె రాసి, పసుపు పెట్టాడు. అదెందుకని అడిగితే సంతోషమొచ్చింది, రాసిన, అంతే అన్నాడు.

మూడో నెలలో బేగంబజార్ నుంచి ఆటోలో తౌడు బస్తాలు వచ్చాయి. రెండు బస్తాలు తడిసి బూజు పట్టి ఉన్నాయి. తెచ్చినవాడు వాటిని గల్లీలో దించేసి చల్లగా జారుకోబోయాడు. అఖిల ఆటోకు అడ్డం నిలబడి అరగంట పాటు ఆ మనిషిని, అతన్ని పంపిన దుకాణాన్ని, ఆ దుకాణం పెట్టినవాడి తాతను కూడా వదల్లేదు. బస్తాలు వచ్చిన ఆటోలోనే వెనక్కి పోయాయి. గల్లీ అంతా నవ్వింది. ఆ సాయంత్రమే అఖిలకు చీర మీద నెత్తురు మరక కనిపించింది.

దవాఖానకు పరుగెత్తారు. డాక్టరమ్మ స్కాన్ చేసి, లోపల గుండె బాగా కొట్టుకుంటోందనీ రెండు వారాలు పడుకోమనీ చెప్పి పంపింది. మరక ఎందుకు కనిపించిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన పనేముంది? పొద్దున లొల్లి, సాయంత్రం నెత్తురు. లెక్క తేలిపోయిందని ఎవరికి వారే అనుకున్నారు. తెలియని సంగతిని అడిగి తెలుసుకోవడం కంటే తెలిసినట్టు తలాడించడం మనవాళ్లకు ఎప్పుడూ సులువే.

అత్త లలితమ్మ మెత్తని మనిషి. గొంతు పెంచి మాట్లాడగా కొడుకు కూడా వినలేదు. పెంటయ్యను అన్నానికి పిలవాలన్నా కొట్టం దాకా నడిచివచ్చి, పక్కన నిలబడి చెబుతుంది. ఆ రాత్రి ఆమె కోడలి మంచం అంచున కూర్చుని, చేతులు రెండూ పట్టుకుంది.

"పుట్టెదాక కోపం జేసుకోకు బిడ్డా. ఏడ్వకు, భయపడకు. నీ కాళ్లు మొక్కుత."

అత్త నోట కాళ్లు మొక్కుతాననే మాట విని అఖిల మంచం మీద లేచి కూర్చుంది. ఇక ఎదురు చెప్పే దారేది? సరేనంది. అంతటితో ఇంట్లో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. టీవీలో వార్తలు బంద్. పెంటయ్య దగ్గినా పెరట్లోకి పోయి దగ్గాలి. పొద్దున బండి మీద ఇంటింటికీ పాలు వేసి, పగలు కరెంటు పనులకు పోయే వేణుగోపాల్ ఫోన్లో ఏదో యాప్ ఎక్కించుకొచ్చాడు. రోజూ సాయంత్రం అరగంట వీణ వినిపిస్తే బిడ్డ శాంతంగా పుడుతుందని అందులో రాసి ఉందట. ఫోను పెళ్లాం పొట్ట మీద పెట్టి వీణ మోగించేవాడు. అయిదు నిమిషాల్లో అతనే గురక పెట్టేవాడు.

అన్నిటికంటే పెద్ద కట్టడి, చాందిని దగ్గరికి పోకూడదన్నది. అటు పోతే నోరు ఊరుకోదని అందరికీ తెలుసు.

అఖిల ఏ పని పట్టినా గట్టిగా పట్టే మనిషి. నోరు మూసుకోవడం కూడా అలాగే పట్టింది. కోపం వస్తుందనిపిస్తే నోటి నిండా నీళ్లు పోసుకుని, మింగకుండా నిలబడేది. ఏడుపు వస్తే ఉల్లిపాయలు ముందేసుకుని కోసేది, ఇంట్లో వారానికి నాలుగు రోజులు ఉల్లిపాయ కూరే. ఎక్కువ నవ్వినా పొట్ట కదులుతుందని ఎవరో అంటే నవ్వును కూడా కొంగులో కుక్కేసింది. నెల తిరిగేసరికి నీళ్లతో, ఉల్లిపాయలతో పనిలేకుండా పోయింది. కోపం రావడం లేదు, ఏడుపు రావడం లేదు. సంతోషమూ రావడం లేదు. ఇల్లంతా కోడలు బంగారమైపోయిందని మురిసింది.

అయిదో నెలలో ఆమెకు అసలు భయం పట్టుకుంది. బస్తీ దవాఖాన బెంచీ మీద తొలిచూలు ఆడవాళ్లంతా ఒకచోట కూర్చునేవారు. ఒకామె తన పొట్టలోది బిర్యానీ తింటే గంతులేస్తుందని చెప్పేది. ఇంకొకామె రోజూ పడుకునే ముందు దానికి కథ చెబుతానని సిగ్గుపడుతూ చెప్పేది. నర్సు బిందుమాధవి కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. బీపీ చూస్తూ ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడుగుతుంది, బిడ్డతో మాట్లాడుతున్నావా అని. అఖిల తల ఊపి, రోజూ మాట్లాడుతున్న సిస్టర్ అనేది.

అది పచ్చి అబద్ధం. ఒక్కనాడూ ఒక్క మాటా మాట్లాడలేదు. తలుపు వేసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఏదైనా అందామని నోరు తెరిస్తే లోపల ఏమీ లేదు. కదలికా తెలియడం లేదు, ప్రేమా పుట్టడం లేదు. పక్కింటివాళ్ల సామాను దాచిపెట్టినట్టు ఆ పొట్టను మోస్తూ తిరుగుతోంది. నాలుగేళ్లు ఎదురుచూసిన బిడ్డ మీద పాశం పుట్టని తల్లి తల్లేనా అని అనుకుంది. రేపు పుట్టాక ఎత్తుకుని, ఎవరి బిడ్డో అన్నట్టు చూస్తానేమోనని హడలిపోయింది. ఈ మాట మొగుడికి చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుంది, ఏడవకూడదు కదా.

ఇటు కొట్టంలో చాందిని అలిగింది. పెంటయ్య కూర్చుంటే కాలితో ఒక్కటి తన్నింది. ఆయన గిన్నెతో సహా గడ్డిలో పడ్డాడు. దుడ్డెను వదిలినా, బుజ్జగించినా, బెల్లం తినిపించినా పూటకు రెండు లీటర్లు దాటలేదు. పాతకాలం ఉపాయమొకటి ఉంది, పాలు పిండే ఆడమనిషి చీర కట్టుకుని కూర్చుంటే బర్రె మోసపోతుందంటారు. వేణుగోపాల్ పెళ్లాం పాత చీర కట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, క్యాన్ల వరుస ముందు నుంచి తలవంచుకుని నడిచాడు. గల్లీ గల్లీ పొట్ట పట్టుకుని నవ్వింది. రజియా ఖాలా అతన్ని దుల్హన్, కొత్త పెళ్లికూతురా అని పిలిచి, ముసుగు సర్దింది. చాందిని ఒక్కసారి వాసన చూసి, మొహం తిప్పేసుకుంది. కిటికీలోంచి ఇదంతా చూసిన అఖిలకు గొంతు దాకా నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది. ఆ క్షణాన ఆమెకు చాందిని మీద ఎంత ఈర్ష్య కలిగిందో చెప్పలేం. బర్రెకు అలగడానికైనా వీలుంది.

ఆరో నెల చివర బిందుమాధవి బీపీ పట్టీ చుడుతూ ఎప్పటిలాగే అడిగింది. అఖిల తల ఊపింది. సిస్టర్ పట్టీ విప్పకుండా అలాగే కూర్చుని, ఏమని మాట్లాడుతున్నావో ఒక్క మాట చెప్పమంది. అసలు మాట్లాడనే లేదని అఖిల ఒప్పేసుకుంది. ఆ తర్వాత అన్నీ వచ్చాయి. తౌడు బస్తా, నెత్తురు మరక, నోట్లో నీళ్లు, ఉల్లిపాయలు, పుట్టని పాశం. గొంతులో ఎత్తుపల్లాలు లేకుండా, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

బిందుమాధవి స్కాన్ కాగితం తీసి చూపించింది. మాయ పొట్టకు ముందువైపు ఉంది, మెత్తని దిండుకు అవతల నుంచి తన్నినట్టు ఉంటుంది, అందుకే కదలిక ఆలస్యంగా తెలుస్తుందని చెప్పింది. నెత్తురు కనపడడానికీ తౌడు బస్తాకూ ఏ సంబంధమూ లేదంది. పొట్టలోది నెల రోజులుగా బయటి శబ్దాలు వింటోందని కూడా చెప్పింది.

"కొట్లాటలకి పిల్లలు పోరమ్మా. కోపం వస్తుంది, పోతుంది. నువ్వు దాన్ని పోనివ్వకుండా పట్టుకు కూర్చున్నావు. దాంతోపాటు ప్రేమ కూడా లోపలే ఉండిపోయింది, వేరే ఎక్కడికీ పోలేదు."

అఖిల ఆ మాటలు పట్టుకుని ఇల్లు చేరింది. నమ్మిందా అంటే సగం నమ్మింది. సిస్టర్ ఎంత చెప్పినా అత్త పట్టుకున్న చేతుల వేడి ఇంకా వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి కొట్టంలో గొడవ. పొద్దుట్నుంచి చాందిని చుక్క దించలేదు. పొదుగు రాయిలా బిగుసుకుంది. ఇలాగే ఉంటే పొదుగువాపు వస్తుంది, ఆ తర్వాత బర్రె పనికిరాదు. పక్క తబేలా మనిషి ఒక సూది తెచ్చాడు, పొడిస్తే ఎంత మొండిదైనా చేపుతుందని. జీవితంలో ఆ సూది ముట్టని పెంటయ్య, దాన్ని చేతిలో పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. బయట క్యాన్ల వరుస. చాందిని తల గోడకు ఆనించి, బాధతో కాలు మార్చి కాలు ఎత్తుతోంది.

అఖిల చేతిలో సంచి కింద పెట్టింది. మామ పక్క నుంచి నడిచి, పీట లాక్కుని, ఆరు నెలల పొట్టతో మెల్లగా కూర్చుంది. పొదుగు మీద చెయ్యి వేసింది. చాందిని ఉలిక్కిపడింది కానీ తన్నలేదు.

తిడదామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. మూడు నెలలకు పైగా వాడని గొంతు. రెండోసారి కీచుగా వచ్చింది. మూడోసారి వచ్చింది అసలు గొంతు.

"ఏందే నీ లొల్లి? ఎవరి మీద అలిగినవే నువ్వు? నేను వస్తలేనని పొదుగు బిగవట్టినవా? సిగ్గు లేదానే నీకు? నేను రాకుంటే సచ్చిపోతవా?"

చాందిని చెవి అటు తిరిగింది. ఇక ఆగేదెవరు? బర్రెను తిట్టింది, చీర కట్టుకున్న మొగుణ్ని తిట్టింది, వీణను తిట్టింది, ఉల్లిపాయల్ని తిట్టింది, బూజు తౌడు తెచ్చినవాణ్ని మళ్లీ తాతతో సహా తిట్టింది. బయట వరుసలో అందరూ మాటలాపేశారు. తిట్లలోంచే ఏడుపు వచ్చింది. ఆ రోజు నెత్తురు చూసి తను ఎంత భయపడిందో చెప్పింది. ఈ బిడ్డ పోతుందేమోనని, ముందే మనసు కట్టేసుకున్నానని బర్రెకు చెప్పింది. చెప్పేదాకా ఆ సంగతి ఆమెకే తెలియదు. ముక్కు చీదుకుంటూ, చాందిని పక్కకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తుంటే ఒళ్లంతా తేలికైంది. వేళ్ల కింద పొదుగు మెత్తబడింది. చన్ను పట్టి లాగగానే పాలు గిన్నె అడుగున చుర్రుమన్నాయి.

సరిగ్గా అప్పుడే లోపల ఎవరో కాలు చాపారు.

అఖిల చెయ్యి ఆగింది. గాలి కాదు, ఆకలి కాదు. మళ్లీ తన్నింది, ఈసారి ఎడమ వైపు, గట్టిగా. ఆమె తడిసిన చేతినే పొట్ట మీద వేసుకుంది. ఇన్నాళ్లుగా వెతికినా దొరకని మాట తనంతట తానే బయటికి వచ్చేసింది.

"నువ్వెవరివే నడుమల? నేను దాంతోని మాట్లాడుతుంటే నీకేం కష్టమొచ్చింది? ఇన్ని దినాలు ఏడ పండుకున్నవ్? అమ్మ ఒక్కతే ఉన్నదని తెల్వదా నీకు?"

జవాబుగా తన్ను వచ్చింది. అఖిల పకపకా నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. ఆ బిడ్డ తనదనీ, మొహం చూడకుండానే దాన్ని కొరికి తినేయాలనిపించేంత ముద్దొస్తోందనీ ఆమెకు పూర్తిగా తెలిసిపోయింది. గిన్నె నిండే దాకా పిండుతూ, దాన్ని తిడుతూనే ఉంది.

అరుపులు విని లలితమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కొట్టం గుమ్మం పట్టుకుని నిలబడింది. అరవకు బిడ్డా, అరవకు అని పెదవులు కదులుతున్నాయి కానీ మాట బయటికి రావడం లేదు. అఖిల లేచి, చెయ్యి పట్టుకుని, అత్తను పీట మీద కూర్చోబెట్టింది. సిస్టర్ చెప్పిన మాట చెప్పింది, కొట్లాటలకు పిల్లలు పోరట అత్తమ్మా అని.

లలితమ్మ వంగి చాందిని కాళ్ల దగ్గరి గడ్డిని ముందుకు తోసింది. ఆ తర్వాత, కొడుకు కూడా ఎరగని సంగతి చెప్పింది. వేణుగోపాల్ కంటే ముందు ఆమెకు ఇంకో బిడ్డ. ఏడో నెల. నల్లా దగ్గర బిందె కోసం ఆడబిడ్డతో గట్టిగా తగవు పడింది. రెండు రోజులకు బిడ్డ పోయింది. నీ నోరే మింగిందని అత్త అన్నది. ఆ రోజుతో లలితమ్మ గొంతు దిగిపోయింది.

"ముప్పై రెండేండ్లాయె. నేనే సంపిన అనుకున్న," అంది. ఆ తర్వాత చిన్నపిల్లలా అడిగింది, "సిస్టరమ్మ నిజంగ గట్లనే అన్నదా?"

అన్నదని అఖిల చెప్పింది. కావాలంటే రేపు నిన్ను తీసుకపోయి నీ చెవులతోనే వినిపిస్తనంది. లలితమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పెంటయ్య సూదిని గూట్లో పెట్టి, వచ్చి పక్కన నిలబడ్డాడు. అఖిల అత్త చేతిని తీసి తన పొట్ట ఎడమ వైపు పెట్టుకుని, మాట్లాడమంది. ఏమని మాట్లాడాలో లలితమ్మకు తెలియలేదు. ఆ మొదటి బిడ్డతో ఏనాడూ మాట్లాడలేదట, అప్పట్లో అలా మాట్లాడొచ్చని ఎవరూ చెప్పలేదట. గొంతు సవరించుకుంది. ఆఖరికి వంగి, కడుపు నిండిందా బిడ్డా అని గుసగుసగా అడిగింది. చేతి కింద టక్కుమని ఒక తన్ను. లలితమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మళ్లీ అడిగింది. మళ్లీ తన్నింది.

బయట వరుసలో ఎవరో క్యాన్ మూతతో క్యాన్ మీద కొట్టారు. పొద్దు గూకుతోంది, పాలు పోస్తారా పోయరా అని ఇంకెవరో అరిచారు. లలితమ్మ తల తిప్పింది. మసీదు పక్క గల్లీ చివరి దాకా వినిపించేంత గొంతుతో, ముప్పై రెండేళ్లలో మొదటిసారి, అరిచింది.

"ఆగుండ్రి జర! ఇంటికొచ్చే కొత్త మనిషితోని మాట్లాడుతున్న, కనవడ్తలేదా?"

వరుస మొత్తం గప్‌చుప్ అయింది. లలితమ్మ మళ్లీ కోడలి పొట్ట వైపు వంగి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మొదలుపెట్టింది.